మర్రినీడ దాటిన వకీలు

వకాల్తానామా మీద సంతకము చేయు కక్షిదారుడు నిజముగా ఎవరిని నమ్ముచున్నాడు? ఎదుట కూర్చున్న మనిషినా, ఆ మనిషి వెనుక గోడమీద మెరయు సంస్థ పేరునా? పూర్వము ఈ ప్రశ్న పుట్టుటకే తావు లేకుండెను. కాకినాడలోగాని, గుంటూరులోగాని, వరంగల్లులోగాని వకీలుగారి యిల్లే ఆయన కార్యాలయము. వీథి అరుగు మీద కక్షిదారులు, ముందుగదిలో గుమాస్తా, లోపలిగదిలో చట్టగ్రంథముల బీరువాల నడుమ వకీలుగారు. ఆయన పేరే ఆయన సంస్థ. ఆయన కన్నుమూసిననాడు ఆ బీరువాలకు కుమారుడో అల్లుడో వారసుడగును. ఎవరును లేనిచో ఆ గ్రంథములు ఏ బార్ అసోసియేషను గ్రంథాలయమునకో చేరును.

నేడు బొంబాయి, ఢిల్లీ, బెంగుళూరు, హైదరాబాదు నగరములలో వందలకొలది న్యాయవాదులు ఒకే పేరు క్రింద పనిచేయు సంస్థలు వెలసినవి. చదువులో ముందున్న యువతీయువకులు వాటిలో ప్రవేశించుటను భాగ్యముగా ఎంచుచున్నారు. పదేండ్లో పదునైదేండ్లో గడచిన పిదప వారిలో కొందరు ఆ పెద్ద కప్పు విడిచి, నలుగురైదుగురు మాత్రమే యుండు చిన్న కార్యాలయములకు తరలిపోవుచున్నారు. చుట్టములు ఆశ్చర్యపడుదురు, స్నేహితులు జాలిపడుదురు. ఏనుగు నెక్కినవాడు దిగి నడచుచున్నట్లు వారికి తోచును. అట్లు దిగుటలో పోవునదేమి, వచ్చునదేమి అని తరచి చూడవలసియున్నది.

పెద్ద సంస్థ అను భావము మన దేశమునకు నిన్న మొన్న వచ్చినది కాదు. బొంబాయిలోని క్రాఫర్డ్ బేలీ సంస్థ 1830 నాటిది. కక్షిదారులతో మాటలాడి కాగితములు సిద్ధము చేయువారు అటార్నీలు, న్యాయస్థానమున నిలిచి వాదించువారు బారిస్టర్లు అను ఆంగ్లేయ విభాగము కలకత్తా, బొంబాయి నగరములలో చిరకాలము నడచెను. 1961 నాటి అడ్వొకేట్ల చట్టమునకు 1976లో జరిగిన సవరణ ఆ అటార్నీల తరగతిని తొలగించెను. సంస్థల ఎదుగుదలకు మరియొక అడ్డుకట్ట యుండెను. 1956 నాటి కంపెనీల చట్టము ప్రకారము ఇరువదిమందికి మించి భాగస్థులు కూడి వ్యాపార సంస్థను నడుపరాదు. న్యాయవాదుల సంస్థలును ఆ హద్దులోనే మసలుచుండెను. 1991 ఆర్థిక సంస్కరణల తరువాత విదేశీ పెట్టుబడులు, కంపెనీల విలీనములు, వందల పుటల ఒప్పందములు వచ్చిపడినవి. 2008లో పరిమిత బాధ్యతా భాగస్వామ్య చట్టము, 2013లో క్రొత్త కంపెనీల చట్టము ఆ పాత హద్దును సడలించినవి. 1987లో బెంగుళూరులోను, 1998లో హైదరాబాదులోను స్థాపితములైన జాతీయ న్యాయవిద్యాసంస్థలు ఈ కార్యాలయములకు కావలసిన పట్టభద్రులను తయారుచేసి యిచ్చినవి. మర్రి ఊడలు దిగినది.

ఆ నీడ చల్లనిదని ఒప్పుకొనక తప్పదు. నెలకు నెల తప్పక వచ్చు సొమ్ము, వ్రాసిన ప్రతి పంక్తిని దిద్ది యిచ్చు పెద్దలు, అడిగిన తీర్పును నిమిషములలో తెచ్చియిచ్చు గ్రంథాలయము, జ్వరము వచ్చిన దినమున పనిని అందుకొను సహచరులు అచ్చట నుందురు. యౌవనమున ఇంతటి శిక్షణ వేరొకచోట దొరకుట కష్టము. కాని ఆ నీడలో పని ముక్కలు ముక్కలుగా పంచబడును. ఒక కంపెనీ మరియొక కంపెనీని కొనుచున్నదనుకొందము. ఒకరు భూముల పత్రములు చూతురు, ఒకరు పన్నుల సంగతి చూతురు, ఒకరు ఉద్యోగుల ఒప్పందములు చదువుదురు. వేరొకరెవరో కక్షిదారునితో మాటలాడుదురు. రథోత్సవమున మోకు పట్టి లాగువాని స్థితి యిది. రథము కదలుటలో అతని బలమును కలదు. కాని అతని ముఖము ముందునకు, దేవుడు వెనుకకు. ఊరంతయు దర్శనము చేసికొన్నను మోకు పట్టినవానికి మాత్రము మూర్తి కనబడదు.

అచ్చట పనికి కొలబద్ద గడియారము. ఈ కొలబద్ద చరిత్ర చిత్రమైనది. అమెరికాలోని బోస్టను నగరమున బీదలకు న్యాయసహాయము చేయు సంఘమును నడపిన రెజినాల్డ్ హీబర్ స్మిత్ అను న్యాయవాది 1919లో 'జస్టిస్ అండ్ ది పూర్' అను గ్రంథమును ప్రకటించెను. ధనము లేనివానికి న్యాయము ఎట్లు అందకుండ పోవుచున్నదో అందు వివరించెను. ఆయనయే పిదప హేల్ అండ్ డార్ అను సంస్థకు నిర్వాహకుడై, ప్రతి న్యాయవాదియు తన దినమును గంటలో పదవవంతు చొప్పున లెక్కవ్రాసి చూపవలెనను పద్ధతిని పాదుకొల్పెను. చేసిన పనికి ఎంత ఖర్చగుచున్నదో తెలిసికొనుటకై పుట్టిన ఆ లెక్క కాలక్రమమున పనికే యజమాని యయ్యెను. 1958లో అమెరికా న్యాయవాదుల సంఘము ప్రకటించిన చిన్న పుస్తకము సంవత్సరమునకు 1300 గంటలు బిల్లు వేయదగిన పనిని లక్ష్యముగా సూచించెను. నేడు అచ్చటి పెద్ద సంస్థలు 1900, 2000 గంటలు కోరుట సామాన్యము. మన దేశపు పెద్ద సంస్థలును ఆ పట్టికను తెచ్చుకొన్నవి. ఆరు నిమిషములకొక గడి చొప్పున దినమును నింపుకొనుచు పోవు మనిషికి, గడిలో పట్టనిదంతయు వ్యర్థముగా కనబడుట నేర్చుకొనకయే వచ్చును.

ఇట్టివారిలో ఒకతెను పాఠకులు మనస్సున నిలుపుకొందురుగాక. పేరు అక్కరలేదు, కల్పిత పాత్రయే యైనను ఆమెవంటివారు పలువురు కలరు. కాకినాడలో పెరిగి, హైదరాబాదులో న్యాయశాస్త్రము చదివి, బొంబాయిలోని పెద్ద సంస్థలో చేరి పండ్రెండేండ్లు పనిచేసెను. ఇరువదిమూడవ అంతస్తులో కూర్చుండి సముద్రమును చూచుటకు తీరిక లేకుండెను. ఇంటి అప్పు ఇంకను తీరలేదు. కూతురు ఐదవ తరగతి చదువుచున్నది. మరి రెండేండ్లు ఓర్చుకొన్నచో భాగస్థురాలగునని పెద్దలు చెప్పుచుండిరి. ఒకనాటి సాయంకాలము, తాను నాలుగేండ్లుగా చూచుచున్న ఒక వ్యాజ్యములోని కక్షిదారుడు లిఫ్టులో ఆమె ప్రక్కనే నిలుచుండెను. చేతిలోని కట్టమీద పేరు చూచి ఆయన ఎవరో ఆమె గుర్తించెను. ఆయన మాత్రము ఆమెను ఎరుగడు. క్రింది అంతస్తు వచ్చెను, ఆయన దిగిపోయెను. ఆ రాత్రి ఆమె భర్తతో, "నా పని ఎవరికి చేస్తున్నానో వాళ్ళకి నేను తెలియదండీ," అని మాత్రము చెప్పెను. ఆరు నెలల పిదప హైదరాబాదులో ముగ్గురు న్యాయవాదులు నడుపుచున్న ఒక చిన్న కార్యాలయమున చేరెను. ఆదాయము సగమునకు దిగెను.

విడిచిపోవుట అనునది పెట్టె సర్దుకొనుటతో ముగియు పని కాదు. దానికొక చట్టము, ధర్మము కలవు. మన బార్ కౌన్సిలు నియమముల ప్రకారము వృత్తిలో నున్న న్యాయవాది ఒకరి క్రింద పూర్తికాలపు జీతగాడుగా నుండరాదు; అందుచేత పెద్ద సంస్థలలోని యువ న్యాయవాదులకు ముట్టునది ఒప్పందము ప్రకారము వృత్తిరుసుముగా ముట్టును. అట్టివారు ముందుగా తెలిపి, గడువు నిండినంతనే వెడలవచ్చును. భాగస్థుని స్థితి వేరు. 1932 నాటి భాగస్వామ్య చట్టము 36వ సెక్షను సంస్థను విడిచినవాడు అదే వృత్తిని పోటీగా నడపుకొనవచ్చునని చెప్పుచున్నది. కాని వేరు ఒప్పందము లేనిచో, పాత సంస్థ పేరును వాడుకొనరాదు, దాని తరఫున పనిచేయుచున్నట్లు చెప్పుకొనరాదు, తానున్నప్పుడు అచ్చటికి వచ్చుచుండినవారిని తనయొద్దకు రమ్మని పిలువరాదు. వారు తమంత తాము వచ్చినచో తలుపు మూయనక్కరలేదు. ఈ రెంటికి నడుమనున్న గీత సన్ననిది. వీడ్కోలు విందులో క్రొత్త చిరునామా చెప్పుట ఎంతవరకు మర్యాద, ఎచ్చటనుండి పిలుపు అని వెడలువాని మనస్సాక్షియే మొదట తీర్పు చెప్పవలసియుండును.

కాగితముల సంగతియు అట్టిదే. అవి సంస్థవియు కావు, వకీలువియు కావు, కక్షిదారునివి. ఫీజు బాకీ యున్నదను నెపముతో న్యాయవాది వాటిని నిలిపియుంచుకొనరాదని సుప్రీంకోర్టు 2000వ సంవత్సరమున తీర్పు చెప్పెను. ఇక రహస్యములు. కక్షిదారుడు నమ్మి చెప్పిన మాటను వెల్లడించరాదను నియమము మొన్నటివరకు 1872 నాటి సాక్ష్యచట్టమున నుండెను. 2024 జులై 1 నుండి అమలులోనికి వచ్చిన భారతీయ సాక్ష్య అధినియమమునను ఉన్నది. పని ముగిసిన తరువాతను ఆ బాధ్యత తీరదు. ఒక పక్షమునకు సలహా యిచ్చినవాడు అదే వ్యవహారమున ఎదుటి పక్షమునకు నిలువరాదు. కావున చిన్న కార్యాలయమున అడుగిడిన వకీలు మొదట చేయవలసిన పని క్రొత్త కేసులు పట్టుట కాదు. తాను ఏ కేసులు పట్టరాదో జాబితా వ్రాసికొనుట.

హైదరాబాదు చేరిన మూడవ వారమున ఆమె యొద్దకు ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు వచ్చెను. గుడ్డసంచిలో కాగితములు. మేనల్లుడు బ్యాంకు అప్పుకు హామీ యని చెప్పి సంతకము చేయించుకొన్నది నిజమునకు ఇంటి దానపత్రమట. రిజిస్ట్రారు కార్యాలయమున ఈసీ తీయించినప్పుడు ఆ సంగతి బయటపడెనట. ఇంటిలోని గొడవ ఇంటిలోనే తీరునని పెద్దమనుష్యుల చుట్టు తిరుగుచు ఆయన కాలము గడపెను. ఆమె కథయంతయు విని, ఈసీ మీది తేదీని చూచెను. ఇట్టి పత్రమును రద్దు చేయించుటకు, మోసము తెలిసిన నాటినుండి మూడేండ్లలోపల దావా వేయవలెను. 1963 నాటి కాలపరిమితి చట్టము దయాదాక్షిణ్యములు ఎరుగదు. గడువు మీరిన దావాను, ఎదుటివాడు అడుగకున్నను, న్యాయస్థానము త్రోసివేయవలసినదే. వ్రేళ్ళమీద లెక్కించెను. ఇంక ఆరు దినములున్నవి.

బొంబాయిలో నైనచో ఇట్టి తేదీలను కనిపెట్టుటకే ఒక విభాగముండెను. ఇచ్చట ఆమె చూడకున్న చూచువారు లేరు. ఆ తేదీ మీద ఆమె దృష్టి పడకపోయినచో, ముదుసలివాని ఇల్లు మేనల్లుని పాలగును. ఆ తప్పు ఎవరిదని వెదకనక్కరలేదు. దావా చిత్తు తానే వ్రాసెను. ఆస్తి విలువ కట్టి కోర్టు ఫీజు లెక్కించుట పండ్రెండేండ్లలో ఒక్కమారును తాను స్వయముగా చేయని పని. కార్యాలయపు ముసలి గుమాస్తా ప్రక్కన కూర్చుండి, "ఇక్కడ స్టాంపు తక్కువ పడితే వెనక్కి పంపుతారమ్మా," అనుచు నేర్పెను. పెద్ద సంస్థలో ఎన్నడును ఎరుగని సిగ్గు ఆమెకు కలిగెను. ఆ వెంటనే ఎన్నడును ఎరుగని తృప్తియు కలిగెను. వకాల్తానామా ముందుంచినప్పుడు ఉపాధ్యాయుడు కలము పట్టుకొని ఆగెను.

"అమ్మా, కోర్టులో నిలబడేది మీరేనా? ఇంకెవరినైనా పంపిస్తారా?"

"నేనే వస్తానండీ, మాస్టారూ."

ఆయన సంతకము చేసెను.

వకాల్తా అను దానికి మన సివిల్ ప్రక్రియా స్మృతిలో నున్న అర్థమును ఈ చిన్న సంభాషణ తేటపరచుచున్నది. మూడవ ఆర్డరు నాలుగవ రూలు ప్రకారము కక్షిదారుడు వ్రాసియిచ్చిన ఆ అధికారము కోర్టు అనుమతితో రద్దగువరకో, వకీలుగాని కక్షిదారుడుగాని మరణించువరకో, వ్యవహారము ముగియువరకో నిలుచును. భవనముల అద్దెలకన్న, సంస్థల పేర్లకన్న అది గట్టి బంధము. సంస్థ పెద్దదైనప్పుడు ఆ కాగితము మీద పది పేర్లుండవచ్చును. పది పేర్లున్నచోట ఎవరిని అడుగవలెనో కక్షిదారునకు తెలియకపోవుటయు కలదు.

గురజాడవారి 'కన్యాశుల్కము' చదివినవారికి విశాఖపట్టణపు వకీళ్ళు క్రొత్తవారు కారు. ఆ నాటకమున లుబ్ధావధానులు కష్టమున చిక్కినప్పుడు ఆదుకొనుటకు పూనుకొన్నవాడు సౌజన్యారావు పంతులు. ప్రేక్షకుడు ఆయనను ప్రేమించుటకు కారణము ఆయన గెలుచుట కాదు. తన యెదుటనున్న అల్పుడైన మనిషిని కేసుగాగాక మనిషిగా చూచుట. విశాఖలోనే వకీలై, 'ఆరు సారా కథలు' వ్రాసిన రావిశాస్త్రిగారు కోర్టు వరండాలలోని బీదబిక్కిని అంత దగ్గరగా చూడగలుగుటకు, ఆయన వృత్తి ఆ వరండాలలోనే సాగుట కొంత కారణము కాదనగలమా?

అట్లని చిన్నతనమంతయు మంచితనమని భ్రమపడరాదు. దూరపు కొండలు నునుపు. విస్తరి చిన్నదైనంత మాత్రమున వడ్డన శుచియని చెప్పగలమా? చిన్న కార్యాలయమున సీనియరు మంచివాడు కానిచో, జూనియరుకు చెప్పుకొనుటకు రెండవ గది యుండదు. కట్టలు మోయించి, వాయిదాలు అడిగించి, నెలకు బస్సు ఖర్చులైన ఈయనివారు మన జిల్లా కోర్టులలో కలరు. ఈ దుస్థితి ముదిరినందుననే భారత బార్ కౌన్సిలు 2024 అక్టోబరులో జూనియర్లకు నగరములలో నెలకు 20,000 రూపాయలు, గ్రామప్రాంతములలో 15,000 రూపాయలు తక్కువకాకుండ ఈయవలెనని సిఫారసు చేసెను. అది సిఫారసే, శాసనము కాదు. ఇక వకీలు మంచముపట్టినచో చిన్న కార్యాలయమున కేసులన్నియు మంచముపట్టును. కక్షిదారుడు ఫీజు ఎగవేసినచో ఆ నెల అద్దె సొంత సొమ్మునుండి పోవును. తన పేరును ప్రకటించుకొనుటకు వృత్తినియమములు ఒప్పవు గనుక, పాత సంస్థ పేరు వెనుక లేనివాడు నోటిమాటగా పేరు పాకువరకు ఓపికపట్టవలెను. పెద్ద సంస్థలో పొగరుబోతును భరింపలేక బయలుదేరి, చిన్నచోట మరియొక పొగరుబోతు చేతిలో పడినవారును కలరు. కార్యాలయపు కొలతకన్న అందులోని మనిషి కొలత ముఖ్యము. చేరుటకు ముందే ఆ మనిషి తన గుమాస్తాతో ఎట్లు మాటలాడునో విని పోవుట మేలు.

తెలుగు న్యాయవాదులకు పెద్ద నీడ విడుచుట తరతరముల అనుభవము. రాజమహేంద్రవరమున జన్మించిన కోకా సుబ్బారావుగారు మద్రాసులో తమ మామగారైన పి. వేంకటరమణారావు నాయుడుగారి కార్యాలయమున వృత్తి నేర్చిరి. మామగారు హైకోర్టు న్యాయమూర్తి యైన పిమ్మట, బావమరది పి. వి. రాజమన్నారుగారితో కూడి తమ కార్యాలయమును నడపుకొనిరి. ఆ యిరువురిలో రాజమన్నారుగారు మద్రాసు హైకోర్టు ప్రధాన న్యాయమూర్తియై, 'తప్పెవరిది' వంటి నాటకములతో తెలుగు రంగస్థలమునకును పరిచితులైరి. సుబ్బారావుగారు 1954లో గుంటూరున వెలసిన ఆంధ్ర హైకోర్టుకు తొలి ప్రధాన న్యాయమూర్తియై, 1966లో భారత ప్రధాన న్యాయమూర్తి పదవి నధిష్ఠించిరి.

ఆ 1954లో మద్రాసు విడిచి గుంటూరు చేరిన వకీళ్ళు, 1956లో గుంటూరు విడిచి హైదరాబాదు చేరినవారు, 2019 జనవరి 1న ఆంధ్రప్రదేశ్ హైకోర్టు అమరావతిలో వేరుపడినప్పుడు హైదరాబాదు విడిచి కృష్ణాతీరము చేరినవారు, అందరును నడచుచున్న కార్యాలయమును, ఎరిగిన కక్షిదారులను, పిల్లల బడిని వెనుక విడిచి, అద్దెగదిలో మరల మొదటినుండి ఆరంభింపవలసినవారే. వారిని కదల్చినది రాష్ట్రముల చరిత్ర. నేడు పెద్ద సంస్థను విడుచువానిని కదల్చునది తన అంతరంగము. కదలిక కారణములు వేరైనను, చేరినచోట ఎదురగు పరీక్ష ఒక్కటే: వెనుక పేరేదియు లేనప్పుడు తన పేరు ఎంత బరువు మోయగలదు?

ఈ పరీక్షకు అందరును సిద్ధపడనక్కరలేదు. పెద్ద ఒప్పందములను, బహుదేశముల వ్యాజ్యములను మోయుటకు పెద్ద సంస్థలే కావలెను. వాటిలో జీవితమంతయు గౌరవముగా గడపినవారు ఎందరో కలరు. మోకు లాగువారు లేనిదే రథము కదలదు. కాని ఒక్కమారైనను మూర్తిని చూడవలెనను కోరిక పుట్టినవాడు, ఆదాయము తగ్గునని, చుట్టములు జాలిపడుదురని మాత్రమే ఆ కోరికను అణచుకొన్నచో, పదునైదేండ్ల తరువాత అది పశ్చాత్తాపమై తిరిగివచ్చును. వెడలదలచినవాడు ఇంటి అప్పును, పిల్లల చదువును, రెండేండ్ల ఖర్చును ముందుగా లెక్కచూచుకొని వెడలుట వివేకము.

ఉపాధ్యాయుని దావా గడువునకు ఒక దినము ముందు దాఖలయ్యెను. నంబరు పడెను; మేనల్లునికి సమన్లు వెడలినవి. తీర్పునకు ఎన్ని సంవత్సరములు పట్టునో ఎవరెరుగుదురు! ఆ రాత్రి కార్యాలయము మూయుచు ఆమె అలవాటుగా దినపు గంటల పట్టిక కొరకు బల్లమీద చేయిచాచెను. అచ్చట పట్టిక లేదు. వాయిదాల డైరీ యుండెను. తొలి వాయిదా తేదీ క్రింద మాస్టారి పేరును, ఆ ప్రక్కన తన పేరును స్వహస్తముతో వ్రాసి, దీపమార్పి, తాళము వేసికొని ఇంటికి పోయెను.